కూర్చోబెట్టే మర్యాద



మాది శిరివెళ్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉంటుంది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేశాను. పిల్లలకు టీకాలు వేస్తూ, బాలింతలను చూసుకుంటూ తిరిగి తిరిగి ఈమధ్యే రిటైరయ్యాను. యాభై దాటిన ఆడవాళ్ల గుండె గురించి, వాళ్లకు వ్యాయామం ఎందుకు కావాలో రేడియోలో నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక ప్లాస్టిక్ కుర్చీతో మొదలుపెడతాను.

మా అత్త చేసిన చాకిరీ ఇంతా అంతా కాదు. కోడి కూయకముందే లేచి కల్లాపి చల్లేది. బావిలో నీళ్లు చేదేది, జొన్నలు విసిరేది, గేదెలకు మేత వేసేది, సద్దికూడు కట్టుకొని చేనికి పోయేది. సాయంత్రం నెత్తిన గడ్డిమోపుతో ఇల్లు చేరేది. తర్వాత కాలం మారింది. ఇంట్లోకి కొళాయి వచ్చింది, మిక్సీ వచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది. నా వెనక చిన్న కోడలు కూడా వచ్చింది. ఒక సంక్రాంతి పండక్కి కొడుకులిద్దరూ కలిసి వాళ్లమ్మకు ఒక కుర్చీ కొనుక్కొచ్చి వసారాలో వేశారు. "ఇన్నాళ్లు చేసింది చాల్లే అత్తా, ఇంక కాలు మీద కాలేసుకొని కూర్చో" అన్నాం మేం కోడళ్లం. ఊళ్లో అందరూ "మంచి కోడళ్లు దొరికినారు" అని మెచ్చుకున్నారు. అప్పటికి ఆమెకు యాభై రెండో, యాభై మూడో.

నీళ్ల చెంబు కూడా మేమే చేతికిచ్చేవాళ్లం. అదే మర్యాద అనుకున్నాం. అట్లా పద్నాలుగేళ్లు కూర్చోబెట్టాం.

ఒక ఎండాకాలం పొద్దున ఆమె మిద్దెక్కి, ఉప్పులో ఊరేసిన మిరపకాయలు ఎండకు పోసి దిగింది. దిగీ దిగగానే ఒళ్లంతా చెమట. దవడ లాగుతోందంది. వీపు నడుమ బరువు పెట్టినట్టుందంది. కడుపులో తిప్పుతోందంది. గుండెలో నొప్పి అన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. "నాకేం పుట్టిందిలే పాపా, గ్యాసు పట్టినట్టుండాది" అంది. నేనేం చేశాను? ఇన్ని ఊళ్లు తిరిగిన ఏఎన్ఎంను, వాము నీళ్లు కాచి ఇచ్చాను. వీపు నిమిరాను. గంటన్నర అట్లాగే గడిచిపోయింది. మొహం పాలిపోయేసరికి భయపడి 108కి ఫోన్ చేశాం. నంద్యాలలో ఈసీజీ తీసిన డాక్టరు కాగితం చూస్తూనే, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని అడిగాడు. నేను నోరు తెరవలేకపోయాను.

నా తప్పును రేడియోలో చెప్పడానికి కారణం ఉంది. గుండెపోటు అంటే సినిమాలో చూసినట్టు ఛాతీ పట్టుకొని పడిపోవడమే అనుకుంటాం. ఆడవాళ్లకూ ఎక్కువమందికి ఛాతీలో నొప్పో బిగుతో వస్తుంది, నిజమే. కానీ దాంతోపాటో, అది లేకుండానో వేరే గుర్తులు కనిపించడం మగవాళ్లకన్నా వీళ్లలో ఎక్కువ. దవడ, మెడ, వీపు లాగడం, వాంతి వచ్చినట్టుండడం, నాలుగు మెట్లెక్కితే ఎగదమ్ము రావడం, ఎప్పుడూ లేనంత నీరసం, చల్లటి చెమట. వీటిలో ఏవైనా ఉన్నట్టుండి వస్తే వాము, సోడా అంటూ వెతుకులాడకండి. 108ని పిలవండి. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత తొందరగా తెరిస్తే అంత గుండె కండరం మిగులుతుంది. ఆలస్యమైన ప్రతి నిమిషం కొంత కండరాన్ని తినేస్తుంది.

"ఇవన్నీ పట్నంవాళ్ల జబ్బులమ్మా, పల్లెలో ఎక్కడివి?" అంటారు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటని ఇల్లిల్లూ తిరిగి ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లే వందకు 32 మంది. మరే జబ్బూ అంతమందిని తీసుకుపోలేదు. ఇది ఇరవై ఏళ్ల కిందటి లెక్క. ఇప్పుడు మన పల్లెల్లో ఏ వీధిలోకి పోయినా బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల లేని ఇల్లు వెతుక్కోవాలి.

ఇక ఆడవాళ్లకు యాభై దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. ముట్టు ఉన్నన్నాళ్లు ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉంటుంది. అది రక్తనాళాలను మెత్తగా, సాగే గుణంతో ఉంచుతుంది. చెడు కొవ్వును కొంత అదుపులో పెడుతుంది. అందుకే గుండెపోటు మగవాళ్లకు ముందు వస్తుంది, మనకు కొన్నేళ్లు వెనకగా వస్తుంది. ముట్టు ఆగిపోయాక ఆ కాపలా పోతుంది. చెడు కొవ్వు పెరుగుతుంది, నాళాలు గట్టిపడతాయి, బీపీ ఎక్కుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. మనమేమో సరిగ్గా ఆ ఏళ్లలోనే కోడలి చేతికి గరిటె ఇచ్చి కుర్చీలో కూర్చుంటాం. లోపలి కాపలా, బయటి కష్టం రెండూ ఒక్కసారే సెలవు తీసుకుంటాయన్నమాట.

మన రాష్ట్రంలో ఇంకో సంగతి ఉంది. గర్భసంచి తీయించుకోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 3 శాతం మందికి ఈ ఆపరేషన్ జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం మందికి జరిగింది. అన్ని రాష్ట్రాలకన్నా మనదే ఎక్కువ. "తెల్లబట్ట అవుతోంది, నడుము నొప్పి" అని పోయి, ముప్పై అయిదేళ్లకే సంచి తీయించుకొని వచ్చినవాళ్లను నేనెంతమందినో చూశాను. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన మార్పు మర్నాడే మొదలవుతుంది. అట్లాంటివాళ్లు గుండె గురించి యాభై దాకా ఆగకూడదు. కాన్పప్పుడు బీపీ పెరిగినవాళ్లు, గుర్రపు వాతంతో ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ కనబడినవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. బిడ్డ పుట్టాక బీపీ, షుగర్ మామూలుకొచ్చినా గుండెకు ముప్పు మిగతావాళ్లకన్నా వీళ్లకు ఎక్కువే. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ పాత సంగతి కూడా చెప్పండి. ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

మళ్లీ మా ఇంటికి వద్దాం. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డాక్టరు చెప్పింది ఒక్కటే: "మందులు మానొద్దు. రోజూ కొంచెం కొంచెం నడిపించండి." ఇంటికి వచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "గుండె జబ్బు మనిషిని నడిపిస్తారా? మంచం దిగనియ్యొద్దు."

వాళ్లను తప్పుపట్టను. ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లూ అదే చెప్పేవాళ్లు. గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం మీద కదలకుండా పడుకోవాల్సిందే. 1952లో అమెరికాలోని బోస్టన్‌లో లెవైన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు, రోగులను మంచం దింపి కుర్చీలో కూర్చోబెడితే మేలు జరుగుతోందని రాస్తే, అదే పెద్ద సాహసమైంది. 1955లో ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. పాల్ డడ్లీ వైట్ అనే గుండె డాక్టరు ఆయనను మెల్లగా మళ్లీ పనిలోకి తెచ్చాడు. మరుసటేడు ఆయన ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి నడకకు వైద్యం వచ్చి చేరింది. మా ఇంట్లో మాత్రం మా అత్త కుర్చీ దగ్గరే ఆగిపోయింది.

ఆ వైట్ దగ్గర చదువుకున్న మన దేశపు డాక్టరమ్మ పద్మావతి. బర్మాలో 1917లో పుట్టారు. యుద్ధం వస్తే ఇండియాకు వచ్చేశారు. పై చదువులకు విదేశాలు పోయి తిరిగొచ్చి, ఢిల్లీలో గుండె వైద్యానికి పునాది వేశారు. మన దేశంలో మొదటి మహిళా కార్డియాలజిస్టు ఆవిడే. పెద్ద వయసులోనూ ఈత మానలేదు, రోగులను చూడడం మానలేదు. 103 ఏళ్లు బతికి 2020లో కరోనాతో పోయారు. గుండె సంగతి అంత బాగా తెలిసిన మనిషి కుర్చీని నమ్ముకోలేదు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న మాట నేనే అంటాను. "రోజంతా ఇంటిపని చేస్తూనే ఉన్నాం కదా, మళ్లీ వ్యాయామమా?" ఇంటిపనిని నేను తక్కువ చేయను. ఊరికే కూర్చోవడం కన్నా అది నూరుపాళ్లు మేలు. కానీ ఇవాళ్టి ఇంటిపనిలో ఎక్కువ భాగం నిలబడడం, వంగడం, కూర్చోవడం. అలుపు వస్తుంది, గుండెకు కసరత్తు మాత్రం అంతగా రాదు. బియ్యం ఏరితే నడుము పడుతుంది గానీ ఊపిరి వేగం పెరగదు. గుండెకు కావలసింది ఆగకుండా కొంతసేపు వేగంగా కొట్టుకునే పని.

ఈ తేడాను మొదట కనిపెట్టింది బస్సుల్లో. లండన్‌లో రెండంతస్తుల బస్సులుండేవి. డ్రైవరు రోజంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు అయిదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే బస్సు, ఒకే డ్యూటీ. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లెక్కలు తీస్తే, కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకన్నా చాలా తక్కువని తేలింది. అది 1953లో. అయితే వాళ్లంతా మగవాళ్లు. ఆడవాళ్ల గుండెను పట్టించుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1999లో అమెరికాలో 72 వేల మందికి పైగా నర్సుల వివరాలు చూశారు. వారానికి మూడు గంటలు, అంతకు మించి చురుగ్గా నడిచే నర్సులకు గుండెపోటు ముప్పు, నడవనివాళ్లకన్నా దాదాపు మూడో వంతు తక్కువగా ఉంది. నేనూ ఆ జాతిదాన్నే కాబట్టి ఈ లెక్క నాకు బాగా గుర్తు.

"రోజుకు పదివేల అడుగులు నడవాలంట కదా, మాతో అవుతుందా?" అని ఇంకో భయం. ఆ పదివేల లెక్క పరిశోధన చేసి తేల్చింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టారు. పేరు అట్లా నిలబడిపోయింది. 2019లో ఐ-మిన్ లీ అనే డాక్టరమ్మ సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేల మందికి పైగా ఆడవాళ్ల నడుముకు యంత్రాలు కట్టించి అడుగులు లెక్కపెట్టింది. తర్వాత నాలుగేళ్ల పైన వాళ్లను గమనించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 అడుగులు వేసేవాళ్లలో చావులు 41 శాతం తక్కువ. 7,500 దాటాక ఇంకా పెద్దగా తేడా రాలేదు. 4,400 అడుగులంటే మన వయసువాళ్లకు రెండున్నర కిలోమీటర్ల చిల్లర. అదీ రోజు మొత్తం మీద. మార్కెట్టుకు, గుడికి, పక్కింటికి వేసే అడుగులూ అందులోవే.

మరి నడిస్తే లోపల ఏమవుతుంది? గుండె కూడా ఒక కండరమే. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. వాడుక ఉన్న గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి ఊరికే ఉన్నప్పుడు నిదానంగా కొట్టుకొని సరిపెట్టుకుంటుంది. రక్తం జోరుగా పారినప్పుడు నాళాల లోపలి పొర మెలకువకొచ్చి, నాళాన్ని వదులు చేసే పదార్థాన్ని తయారుచేస్తుంది. బీపీ దిగుతుంది. కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను పీల్చుకుంటాయి. షుగర్ ఉన్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. షుగర్ వల్ల గుండెకు పెరిగే ముప్పు మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అయితే ఈ మేలంతా రోజువారీ కూలి లాంటిది. నిల్వ ఉండదు. మానేస్తే కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట. ఒకేసారి కాకపోతే పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. వేగం తెలుసుకోవడానికి యంత్రాలేవీ వద్దు. నడుస్తూ పక్కనున్న వదినెతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాట వస్తోందంటే వేగం చాలలేదని. మాట కూడా రాలేదంటే తగ్గించమని. నడకతో పాటు కండకు బలం కూడా కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకొని మునివేళ్ల మీద పదిసార్లు లేవండి. గోడ పక్కనే ఒంటికాలి మీద కాసేపు నిలబడడం అలవాటు చేసుకోండి. పడిపోకుండా కాపాడేది అదే. మోకాళ్లు అరిగాయని నడక మానొద్దు. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది.

మన తావున కొన్ని జాగ్రత్తలు. నంద్యాల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఎండెక్కకముందే నడక ముగించాలి. కడుపునిండా తిని నడవొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఉత్తకాళ్లతో నడవొద్దు, షుగర్ ఉన్నట్టుండి పడిపోతే తినడానికి కొంగున రెండు చాక్లెట్లు కట్టుకోండి. నడుస్తుంటే ఛాతీ బిగిసినా, దవడ లాగినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగండి. ఇదివరకే గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. నడుస్తున్నాం కదా అని బీపీ బిళ్ల మానొద్దు. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడడానికి ఊళ్లోకే మా ఏఎన్ఎంలు, ఆశా అమ్మాయిలు వస్తారు. తలుపు వేసుకోకండి.

ఇంకొకటి. శివరాత్రికి, ఉగాదికి నల్లమల దారిన కాలినడకన శ్రీశైలం పోయే ఆడవాళ్లు మన జిల్లాలో ఎంతమందో. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, ఆ తర్వాత భీముని కొలను, కైలాసద్వారం ఎక్కుడు. మల్లన్న మీద భక్తితో అరవై ఏళ్ల అవ్వలు కూడా ఎక్కుతారు. కానీ ఏడాదంతా కూర్చొని ఆ ఒక్కరోజు కొండెక్కితే గుండె తట్టుకోలేదు. అలవాటు లేని ఒంటికి ఉన్నట్టుండి పెద్ద శ్రమ పెడితే, గుండెపోటు ముప్పు సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. శివరాత్రికి కొండెక్కాలనుకుంటే కార్తీకంలోనే కాలు కదపండి. మొక్కు తీరుతుంది, గుండె కూడా నిలుస్తుంది.

నడక విసుగు అనేవాళ్లకు కోలాటం ఉంది. ఊరూరా ఆడవాళ్లు బృందాలు కట్టి నేర్చుకుంటున్నారు. అరగంట కోలాటం వేస్తే ఒళ్లు తడుస్తుంది, పక్కనున్నవాళ్లు లాక్కుపోతారు కాబట్టి మానాలన్నా మానలేం. పొదుపు సంఘంలో పదిమంది కలిసి డబ్బు దాచినట్టే పదిమంది కలిసి నడవండి. ఒంటరిగా మొదలుపెట్టిన నడక ఎక్కువ రోజులు సాగదు.

"ఈ వయసులో రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిస్తే నవ్వరా?" అన్నది చివరి అడ్డంకి. మా అత్తకూ అదే సిగ్గు. ఆర్నెల్లు కుర్చీ దిగలేదు. ఒకరోజు పక్కింటి ముస్లిం అక్క సాయంత్రం మిద్దె మీద అటూ ఇటూ నడవడం చూసింది. ఆమె రోజూ నడుస్తుందట, మాకు తెలియనే తెలియదు. "మన మిద్దె ఆమె మిద్దెకన్నా పెద్దది కదా" అంది మా అత్త. మర్నాడు మా ఆయన మెట్ల పక్కన ఇనుప కమ్మీ బిగించాడు. మొదటి రోజు నాలుగు చుట్లు. ఆమెకు అంకెలు గుర్తుండవు. అందుకని రెండు గిన్నెల్లో చింతగింజలు పెట్టుకుంది. ఒక చుట్టు తిరిగితే ఒక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి.

ఇది జరిగి పద్నాలుగేళ్లు దాటింది. ఇప్పుడామెకు 81. బిళ్లలు వేసుకుంటోంది, నడుస్తోంది. నేనూ ముట్టు ఆగినప్పటి నుంచి ఆమె వెనక నడుస్తున్నాను. నా కోడలు ఈమధ్య "అత్తా, మీరు కూర్చోండి, నేను చేస్తా" అంది. "నా కాళ్లకు పని పెట్టు తల్లీ, అదే నువ్వు నాకు చేసే మర్యాద" అన్నాను. వింటున్న కొడుకులకూ కోడళ్లకూ నేను చెప్పేదీ అదే. అమ్మకు నీళ్లు తెచ్చివ్వకండి. అమ్మతో కలిసి కాలువ గట్టు దాకా పోయి రండి.

ఆ సంక్రాంతి కుర్చీ ఏమైందంటారా? అదిప్పుడు మిద్దె మీదుంది. ఎండకు రంగు వెలిసిపోయింది. దాని మీద ఎవరూ కూర్చోరు. చింతగింజల గిన్నెలు వంగకుండా చేతికందేలా ఎత్తున ఉండాలని, మా అత్తే దాన్ని పైకి పంపించింది.